ఆవిరి బండి చూడ్డానికి వెళ్లేముందు

గుణుపురంలో ప్యాసింజరు ఎక్కితే కాశీనగర్, పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి దాటుకుంటూ నౌపడా చేరుతుంది. దాదాపు 90 కిలోమీటర్ల దారి. దీన్ని మొదట వేయించింది పర్లాకిమిడి సంస్థానం. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా బండి నడిచింది, 1931 నాటికి గుణుపురం అందుకుంది. అప్పటి పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే, అంటే 762 మిల్లీమీటర్లు. 2011 నాటికి లైనంతా 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజీ అయిపోయింది. ఆవిరి ఇంజన్లు అంతకు చాలా ముందే సెలవు తీసుకున్నాయి. గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లకు ఆ కూత గుర్తుంది, పిల్లలకు ఇప్పటి ఇంజన్ల హారన్ తప్ప తెలీదు. పిల్లలకు బతికున్న ఇంజను చూపించాలంటే ఇక్కడివాళ్లకు ప్రధానంగా రెండు దారులు. చెన్నై మీదుగా మెట్టుపాళయం వెళ్లి నీలగిరి బండి ఎక్కడం, లేదా హౌరా మీదుగా డార్జిలింగ్ వెళ్లడం. అంత దూరం వెళ్లి ఫొటో దిగి వచ్చేస్తే దక్కాల్సింది చాలావరకు అక్కడే వదిలేసినట్టు. ఆవిరి ఇంజను తన పనంతా బయటికి చూపిస్తూ, వినిపిస్తూ చేసే యంత్రం. దాన్ని చదవడం నేర్చుకుని వెళ్లాలి.

ముందు వంటింట్లో కుక్కరు చూడండి. అందులో వాతావరణ పీడనం మీద ఇంకో కిలో పీడనం పెరుగుతుంది, నీళ్లు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. డార్జిలింగ్ ఇంజను బాయిలర్లో చదరపు సెంటీమీటరుకు దాదాపు 10 కిలోల పీడనం, నీళ్లు మరిగేది 180 డిగ్రీలు దాటాక. అక్కడి ఘుమ్ స్టేషను 2,258 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి టీ కొట్లో నీళ్లు 92, 93 డిగ్రీలకే మరుగుతాయి. పక్కనే ఆగిన ఇంజనుకు ఆ ఎత్తుతో పనిలేదు, దాని పీడనం దాని లోపలే ఉంది. కుక్కరు మూత మీద చిన్న సేఫ్టీ వాల్వు ఉంటుంది కదా, నీళ్లు ఇంకిపోతే కరిగి ఆవిరిని వదిలేసేది. ఇంజను పొయ్యి పైకప్పు రేకుకు కూడా అలాంటిదే సీసం నింపిన బిరడా ఒకటి బిగిస్తారు. రేకు మీద నీళ్లున్నంత సేపు సీసం గట్టిగా ఉంటుంది. నీళ్లు దిగిపోతే 327 డిగ్రీలకు కరిగి, ఆవిరి పొయ్యిలోకి బుస్సుమని దూకుతుంది. డ్రైవరుకు అదే హెచ్చరిక. అందుకే క్యాబులో, అంటే డ్రైవరు నిలబడే గదిలో, నిలువుగా ఉండే నీటిమట్టం గాజు గొట్టం మీద నుంచి బొగ్గు వేసే ఫైర్‌మన్ చూపు ఎక్కువసేపు పక్కకు పోదు.

ఎత్తు ఎక్కేటప్పుడు ఈ చిక్కు పెరుగుతుంది. నీలగిరి లైనులో అతి నిటారు చోట్ల వాలు దాదాపు 12.5కి 1, అంటే 12.5 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎత్తు. అక్కడ 3 మీటర్ల పొడవున్న బాయిలర్లో ఒక కొసకూ ఇంకో కొసకూ నీటిమట్టంలో 24 సెంటీమీటర్ల తేడా వస్తుంది. వాలు మారిన ప్రతిచోటా గాజు గొట్టంలో మట్టం మారుతుంది, నీళ్లు మాత్రం అంతే ఉంటాయి. అలాగని భయపడి నీళ్లు మరీ ఎక్కువ నింపినా కష్టమే. నీరు ఆవిరితో కలిసి, చక్రాలు తిప్పే పిస్టన్ ఆడే సిలిండర్లోకి పోతుంది. ఆవిరిని నొక్కితే కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. పిస్టన్ దాన్ని గుద్దితే సిలిండరు మూత పగులుతుంది. బండి కదిలేముందు ముందు చక్రాల దగ్గర రెండు పక్కలా తెల్లగా ఆవిరి చిమ్మడం చూస్తారు. చల్లబడిన సిలిండర్లలో పేరుకున్న నీటిని కింది కుళాయిలు తెరిచి బయటికి తోలుతున్నారన్నమాట. పిల్లలను అక్కడ నిలబెట్టకండి, కాళ్లు కాలతాయి.

ఇంకో మాట. కంటికి కనిపించే ఆ తెలుపు ఆవిరి కాదు. అసలు ఆవిరి కంటికి కనబడదు. సేఫ్టీ వాల్వు ఊదుతున్నప్పుడు దాని మూతికీ తెల్లటి మబ్బుకూ మధ్య చిన్న ఖాళీ కనిపిస్తుంది, ఆవిరి అక్కడుంది. పైకెళ్లి చల్లారి తుంపరలయ్యాకే తెల్లబడుతుంది. మే నెల ఎండలో తుంపరలు వెంటనే ఆరిపోతాయి. డిసెంబరు పొద్దున అయితే గాలిలో బారుగా సాగుతాయి. ఫొటోలు కావాలనుకునేవాళ్లు చలికాలం ఉదయం బండి పట్టుకోవాలి. పొగ సంగతి వేరు. బొగ్గు ఒక్కసారిగా ఎక్కువ వేస్తే గాలి చాలక నల్లగా వస్తుంది, అది కాలకుండా వృథాగా పోయే ఇంధనం. మంచి ఫైర్‌మన్ కొంచెం కొంచెం, తరచుగా వేస్తాడు.

ఇక చెవి పని. సిలిండర్లో పని ముగించుకున్న ఆవిరి పొగగొట్టం గుండా పోతూ చేసే చప్పుడే మనం అనుకరించే ఛుక్. అది ఊరికే పోదు, పోతూ పోతూ పొయ్యిలోంచి పొగను లాగుతుంది, ఆ లాగుడుకి నిప్పులోకి గాలి వస్తుంది. బరువు పెరిగి ఇంజను గట్టిగా ఊదినకొద్దీ నిప్పు అంత రాజుకుంటుందంటే ఇంతకన్నా చక్కటి ఏర్పాటు ఊహించడం కష్టం. రెండు సిలిండర్ల ఇంజనుకు చక్రం ఒక చుట్టుకు నాలుగు ఛుక్కులు. డార్జిలింగ్ ఇంజను చక్రం వ్యాసం 66 సెంటీమీటర్లు, చుట్టుకొలత సుమారు 2.07 మీటర్లు, కాబట్టి ఒక్కో ఛుక్కుకు 52 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. పది సెకన్లలో 50 లెక్కపెట్టారంటే గంటకు 9 కిలోమీటర్ల పైచిలుకు వేగం. నాలుగు దెబ్బలూ సమానంగా వినబడాలి. ఒకటి ఎప్పుడూ నీరసంగా ఉంటే సిలిండర్లోకి ఆవిరిని వదిలే వాల్వు సర్దుబాటు తప్పిందనుకోవచ్చు. బయల్దేరేటప్పుడు గట్టిగా, విడివిడిగా కొట్టిన దెబ్బలు వేగం అందుకున్నాక మెత్తబడతాయి. డ్రైవరు ఆవిరిని పిస్టన్ దారిలో కొంత దూరమే ఇచ్చి ఆపేస్తాడు, మిగతా దూరం అది తనంతట తాను వ్యాకోచిస్తూ తోస్తుంది. నీళ్లూ బొగ్గూ మిగిలేది అక్కడే.

నీలగిరిలో నిటారు చోట బండి జారకుండా పట్టాల మధ్య బిగించిన పళ్లపట్టా మీద ఈ లెక్క కుదరదు. అక్కడ ఆవిరి ముందు మామూలు చక్రాలు తిప్పే సిలిండర్లలో పనిచేసి, ఆ తర్వాత పళ్లచక్రాలు తిప్పే సిలిండర్లలోకి వెళ్తుంది. ఆ రెండూ ఒకే వేగంతో తిరగవు. డార్జిలింగ్ లైనుకు పళ్లపట్టా లేదు, ఉక్కు మీద ఉక్కుకు దొరికే పట్టే ఆధారం. మంచుకు పట్టాలు తడిస్తే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, ఛుక్కులన్నీ ఒక్కసారిగా కలిసిపోయి గొల్లుమంటాయి. అందుకే ఇంజను ముందు భాగంలో కూర్చున్న మనుషులు పట్టాల మీద ఇసుక చల్లుతారు.

నీలగిరి లైనులో ఆవిరి ఇంజను నడిచేది మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా, అక్కణ్నించి ఊటీకి సాధారణంగా డీజిల్. టికెట్టు తీసుకునేముందు ఈ సంగతి చూసుకోండి. ఎక్కేటప్పుడు ఇంజను వెనక నుంచి నెడుతుంది. చప్పుడు కావాలంటే చివరి పెట్టె, లోయలు కావాలంటే ముందు పెట్టె. డార్జిలింగ్‌లో అయితే డార్జిలింగ్–ఘుమ్ జాయ్‌రైడ్ రెండు గంటల పని, అందులో ఆవిరిదో డీజిల్‌దో అడిగి తీసుకోవాలి. నీలగిరి లైను ఈశాన్య రుతుపవనాల్లో, డార్జిలింగ్ లైను జులై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగి ఆగిపోతుంటాయి. బొగ్గు ఇంజను వెనక కూర్చుంటే కిటికీలోంచి తల బయటికి పెట్టకండి, నలుసులు కంట్లో పడతాయి. నూలు బట్టలు మేలు, నైలాను మీద నిప్పురవ్వ పడితే చిల్లే.

వీలైతే బండి వేళకు గంట ముందే స్టేషనుకు చేరుకోండి. చల్లారిన బాయిలరును వేడెక్కించడానికి చాలా గంటలు కావాలి. తొందరపెడితే రేకులూ గొట్టాలూ వేర్వేరుగా వ్యాకోచించి అతుకులు కారతాయి. కాబట్టి మీరు వచ్చేసరికి పొయ్యి ఎప్పుడో వెలిగి ఉంటుంది. నూనె డబ్బా పట్టుకుని చక్రాల కడ్డీల కీలు కీలుకూ నూనె పోస్తూ తిరిగే మనిషిని గమనించండి. ఒక్కో కీలు మీద అరచేయి ఆనించి చూస్తాడు. వేడి తగిలిందంటే అక్కడ నూనె అందలేదని అర్థం.