తల్ముద్, సైన్సు: తరగతిలోనూ ఫోన్‌లోనూ నన్ను వదలని అపోహలు

నేను అమెరికాలో ఒక కాలేజీలో మతాల చరిత్ర చెప్తాను. అందులో నా వాటా తల్ముద్ (యూదు పండితుల ధర్మచర్చల గ్రంథం), దాని మీద వచ్చిన వ్యాఖ్యానాలు, వాటికీ సైన్సుకీ మధ్య నడిచిన తగాదాలు. పుట్టి పెరిగింది తెనాలి దగ్గర, యూదుణ్ని కాను. అయినా ఈ విషయం మీద తెలుగువాళ్ల దగ్గర్నుంచే బోలెడు ప్రశ్నలొస్తాయి. "అన్నా, వాళ్ల గ్రంథంలో హేలీ తోకచుక్క ముందే ఉందట కదా?" అని ఒకరు. "సూర్యుడు రాత్రిపూట ఆకాశం వెనక నడుస్తాడని రాసుకున్నవాళ్లకి అన్ని నోబెల్ బహుమతులు ఎలా వచ్చాయి సార్?" అని ఇంకొకరు. ఒకరిది పొగడ్త, ఒకరిది ఎగతాళి. ఇద్దరూ పప్పులో కాలేసింది మాత్రం ఒకేచోట.

నిజంగా మనుషులకి నష్టం చేసే అపోహ ఒకటుంది. ముందు దాని సంగతి చూద్దాం. మిగతావి తర్వాత గబగబా కానిచ్చేస్తాను.

అపోహ: రబ్బీలు (యూదు మతగురువులు) ప్రకృతి గురించి చెప్పిందీ దైవవాక్కే. అందులో ఒక్క మాట తప్పని తేలినా మొత్తం ధర్మం కూలిపోతుంది.

తల్ముద్ తెరవనివాళ్లు మాత్రమే ఇంత ధీమాగా ఈ మాట అనగలరు. పెసహీమ్ భాగం, 94వ పత్రం, రెండో వైపు తీయండి. సూర్యుడు రాత్రి ఎక్కడికి పోతాడన్నది అక్కడ చర్చ. పగలు ఆకాశపు కప్పు కింద, రాత్రి ఆ కప్పు పైన నడుస్తాడని ఇశ్రాయేలు పండితులు అంటారు. పగలు కప్పు కిందే, రాత్రి మాత్రం భూమి కింద నుంచి పోతాడని అన్యజనుల పండితులు అంటారు. అప్పుడు రబ్బీ యెహూదా హనాసి కలగజేసుకుంటారు. ఆయన మామూలు మనిషి కాదు, సా.శ. 200 ప్రాంతంలో మిష్నాను, అంటే తల్ముద్‌కి మూలమైన ధర్మసూత్రాల గ్రంథాన్ని, కూర్చిన పెద్దాయన. మన మాట కన్నా వాళ్ల మాటే సబబుగా ఉంది, ఎందుకంటే ఊటనీళ్లు పగలు చల్లగా, రాత్రి వెచ్చగా ఉంటాయి కదా అంటారు. సూర్యుడు కింద నుంచి పోతూ నీళ్లు కాగబెడుతున్నాడని ఆయన లెక్క.

ఆయన చూపిన రుజువు కూడా తప్పే. ఊటనీటి వేడి పగలూ రాత్రీ ఇంచుమించు ఒకటే, బయట గాలి చల్లబడుతుంది కాబట్టి నీళ్లు వెచ్చగా తోస్తాయి. చలికాలం తెల్లవారుజామున బావిలో నీళ్లు తోడి పోసుకున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. అంటే ఆ పేజీలో ఒక తప్పు సిద్ధాంతం, దాన్ని వదులుకున్న ఒక పెద్దమనిషి, ఆయన చూపిన ఒక తప్పు కారణం, మూడూ ఉన్నాయి. ఆ పేజీని ఎవరూ దిద్దలేదు, దాచలేదు. నేటికీ కుర్రాళ్లు దాన్ని బల్ల మీద పెట్టుకుని వాదించుకుంటూనే ఉన్నారు.

కైరోలో వైద్యుడిగా బతికి 1204లో పోయిన యూదు మహాపండితుడు మైమొనిడీస్ ఈ పేజీని చూపించి, పండితులు ఇక్కడ ఒప్పుకున్నారు చూడండి అన్నాడు. అంతటితో ఆగలేదు. ఖగోళం గురించి వాళ్లన్న ప్రతిదాన్నీ వాస్తవంతో అతికించమని నన్ను అడగొద్దు, ఆ రోజుల్లో గణితం ఇంకా పచ్చిగా ఉండేది, వాళ్లు ప్రవక్తలుగా కాదు, ఆ కాలపు చదువుకున్నవాళ్లుగా మాట్లాడారు అని తేల్చేశాడు. ఆయన కొడుకు అబ్రహాం కూడా వైద్యం, ప్రకృతి, నక్షత్రాల విషయంలో ఇదే మాట ఇంకాస్త గట్టిగా రాశాడు. దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. 12వ శతాబ్దపు ఫ్రాన్సు రబ్బీ రబ్బెను తామ్ లాంటి ఉద్దండుడు, వాదనలో వాళ్లు గెలిచారేమో గానీ నిజం మనదే అన్నాడని చెప్తారు. అంటే ఇది ఎనిమిది వందల ఏళ్లుగా ఇంట్లోనే నడుస్తున్న గొడవ. నిన్న మొన్న సైన్సు వచ్చి పెట్టింది కాదు.

ఇది ఎవరికి నష్టమంటారా? సూర్యుడి పేజీ చెప్పిన రోజు ఒక కుర్రాడు క్లాసు అయ్యాక నా గదికొచ్చాడు. ఛాందస కుటుంబం, తలమీద కిప్పా (యూదు మగవాళ్ల చిన్న టోపీ), చేతిలో ఆ పేజీ జిరాక్సు. చాలాసేపు కూర్చుని, "ఇది తప్పయితే మా నాన్న శుక్రవారం సాయంత్రం చేసేదంతా అబద్ధమేనా?" అన్నాడు. టెన్షన్‌తో ఆ కాగితం అంచులు మడుస్తూ విప్పుతూ ఉన్నాడు. మైమొనిడీస్ రాసింది తీసి చూపించాను. చదివి, ఫోన్‌లో ఫోటో తీసుకుని, ఇంట్లో చూపిస్తానన్నాడు. ఇలాంటి పిల్లలకి రెండు వైపుల నుంచీ ఒకటే మాట వినబడుతుంది. ఇంట్లో "అంతా నిజం, లేదా ఏదీ కాదు". బయట నాస్తిక మిత్రులూ అదే, కాకపోతే ముగింపు తిరగేసి. మధ్యలో నలిగేది ఈ కుర్రాడు.

ఇది చిన్న విషయమని కొట్టిపారేయకండి. 2005 ప్రాంతంలో నతాన్ స్లిఫ్కిన్ అనే రబ్బీ పుస్తకాలని కొందరు పెద్ద రబ్బీలు నిషేధించారు. ఆయన చేసిన నేరం చాలావరకు మైమొనిడీస్ అన్నదే మళ్లీ అనడం. పూర్వులు అంటే చెల్లింది, మనం అనకూడదు అన్నది అవతలి పక్షం వాదన. ఆ వాదన నాకు గొంతు దిగదు గానీ, అలా అన్నవాళ్ల భయం మాత్రం అర్థమవుతుంది.

అపోహ: కారణం తప్పని తేలితే నియమమూ మారి తీరాలి.

ఇక్కడ మాత్రం సైన్సు చదివిన మన కుర్రాళ్లు కాస్త నెమ్మదించాలి. షబ్బాత్ అంటే శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం, ఆ రోజు ప్రాణం తీయకూడదు. అయినా షబ్బాత్ నాడు పేను చంపవచ్చని తల్ముద్. పేలు మిగతా జీవుల్లా సంతానం కనవు కాబట్టి అది ప్రాణం తీయడం కింద రాదని కారణం. మరి దేవుడు "పేల గుడ్లను" కూడా పోషిస్తాడని ఉంది కదా అని వెంటనే అడ్డుప్రశ్న. అది వేరే పురుగు పేరు అని జవాబు. పిల్ల తల ఒళ్లో పెట్టుకుని ఈపులు తీసిన ఏ తల్లి అయినా ఈ జవాబుకి నవ్వుకుంటుంది.

1668లో ఇటలీలో ఫ్రాంచెస్కో రెడి సీసాల్లో మాంసం పెట్టి, కొన్నిటికి పల్చటి గుడ్డ కట్టి చూపించాడు. ఈగ వాలని మాంసంలో పురుగు పుట్టలేదు. ఆ తర్వాత తరంలో ఫెరారా ఊళ్లో ఐజాక్ లంప్రొంటి అనే రబ్బీ ఉండేవాడు, పాదువాలో వైద్యం చదివినవాడు. ఆయనకి నిద్ర పట్టలేదు. అన్ని జీవులూ గుడ్ల నుంచే వస్తాయని తేలింది కదా, షబ్బాత్ నాడు పేలు చంపడం ఇక మానేద్దామా అని తన గురువుని అడిగాడు. పరంపరగా వచ్చిన నియమాన్ని పరిశోధకుల మాట మీద మార్చం అన్నాడు గురువు. ఇద్దరి మాటలూ లంప్రొంటి తన విజ్ఞానకోశంలో రాసి పెట్టాడు.

20వ శతాబ్దంలో రబ్బీ డెస్లర్ ఇంకో దారి చూపించాడు. నియమమే మొదట వచ్చింది, కారణం తర్వాత ఆ కాలపు సైన్సుతో చెప్పుకున్నది, కాబట్టి కారణం పోయినా నియమం నిలుస్తుందని. కంటికి ఆననివి ధర్మానికి లెక్క కాదనేది మరో వివరణ. సూక్ష్మజీవులకి ఇది చక్కగా సరిపోతుంది, ఈపులకి మాత్రం అతకదు, అవి కనబడతాయి మరి! మైమొనిడీస్ మాంసం విషయంలో ఇంకా సూటిగా పోయాడు. ఏ గాయం ఉన్న పశువు తినరానిదో పండితులు జాబితా ఇచ్చారు, అందులో కొన్నిటితో పశువు బతుకుతుందని వైద్యులు అన్నా జాబితా మారదు అన్నాడు. ఖగోళంలో అంత ఉదారంగా ఉన్న మనిషే ఇక్కడ పట్టు విడవలేదు. అది రెండు నాల్కల మాట కాదు. ఒకటి ప్రపంచం గురించిన మాట, ఇంకొకటి సమాజం పెట్టుకున్న చట్టం.

అపోహ: తల్ముద్‌లో వైద్యం ఉంది కాబట్టి వాడొచ్చు. లేదా, రబ్బీలు డాక్టర్లకి అడ్డం.

రెండూ తప్పే. తలనొప్పికి అడవికోడిని నొప్పి ఉన్న వైపు వెండి నాణెంతో కోసి, రక్తం కంట్లో పడకుండా చూసుకుని, తర్వాత దాన్ని గుమ్మానికి వేలాడదీయమనే వైద్యం అందులో ఉన్న మాట నిజమే. పండితులు వైద్యులు కారు, తమ కాలంలో చూసింది చెప్పారు, దాని మీద ఆధారపడకండి అని 10వ శతాబ్దంలోనే బాబిలోనియా యూదు విద్యాపీఠం పెద్ద షెరీరా గావోన్ రాశాడు. 1427లో పోయిన జర్మనీ మైంజ్ ఊరి రబ్బీ మహరిల్ అయితే ఆ వైద్యాల జోలికే పోవద్దన్నాడు. పని చేయకపోతే జనం పండితుల్ని ఎగతాళి చేస్తారని.

పిచ్చికుక్క కరిస్తే దాని కాలేయం ముక్క తినిపించవచ్చా అన్న ప్రశ్న మిష్నాలోనే ఉంది. ఒక రబ్బీ సరేనన్నాడు, మిగతావాళ్లు కూడదన్నారు. అది కారణానికి గానీ అనుభవానికి గానీ నిలబడిన మందు కాదు కాబట్టే కాదన్నారని మైమొనిడీస్ వివరణ. కుక్క కరిస్తే పసరు పోయించుకుని ఇంట్లో కూర్చునే చుట్టాలు నాకూ ఉన్నారు. వాళ్లకి ఈ కథ చెప్పి, దండం పెట్టి, ముందు టీకా వేయించుకోమంటాను.

ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లకి కేర్‌గివర్లుగా మన తెలంగాణ వాళ్లు చాలామంది పనిచేస్తున్నారు. జగిత్యాల వైపు నుంచి వెళ్లిన ఒక చెల్లె యోమ్ కిప్పూర్‌కి (యూదుల పెద్ద ఉపవాస దినం) ముందు నాకు ఫోన్ చేసింది. "అన్నా, నేను చూసుకునే అమ్మకి షుగర్ ఉంది. దగ్గర దగ్గర ఇరవై అయిదు గంటలు ఏమీ ముట్టనంటోంది. నేను పెడితే పాపం నాకు తగులుతదా? పెట్టకుంటే ఏమన్న అయితే?" ఆమె గొంతు వణుకుతోంది. తల్ముద్ యోమా భాగంలో ఇదే ప్రశ్న ఉంది. తాను తినాలని రోగి అంటే, వైద్యుడు అక్కర్లేదన్నా రోగి మాటే వినాలి, ఎవరి బాధ వాళ్ల గుండెకే తెలుసు కాబట్టి. రోగి తినాలని వైద్యుడు అంటే, రోగి వద్దన్నా వైద్యుడి మాటే వినాలి. డాక్టర్‌నీ వాళ్ల రబ్బీనీ ముందే అడిగించమని చెప్పాను. ఉపవాసం ఉండటమే ఆమెకి నిషిద్ధమని రబ్బీ ఆ పెద్దావిడకి నేరుగా చెప్పాడట. ఆ రోజు మధ్యమధ్యలో ఆగుతూ కొద్దికొద్దిగా తిన్నది. "డాక్టర్ చెప్తే వినలేదన్నా, ఆయన చెప్తే తిన్నది" అంది చెల్లె.

ఇక చిన్నవి.

హేలీ తోకచుక్క: డెబ్బై ఏళ్లకోసారి కనబడి నావికుల్ని దారి తప్పించే నక్షత్రం ఉందని రబ్బీ యెహోషువ అన్నమాట నిజం. హేలీ దాదాపు 75, 76 ఏళ్లకోసారి వస్తుంది, సా.శ. 66లో కనబడింది కూడా. ఊహకి బాగుంది, అంతే. ఆ ఒక్క వాక్యంతో రుజువు కాదు.

చాంద్రమాసం లెక్క: 29 రోజుల 12 గంటల 793 భాగాలు, గంటకి 1080 భాగాలు. నేటి సగటుతో పోలిస్తే తేడా సెకను కూడా లేదు. అద్భుతమే. కానీ అదే సంఖ్య బాబిలోనియా జ్యోతిష్కుల దగ్గరా, గ్రీకు ఖగోళవేత్త టాలమీ దగ్గరా ఉంది. సీనాయి కొండ మీద దేవుడు మోషేకి చెప్పిన లెక్క అని వంద ఫార్వర్డ్‌లు పంపినా అది ఆ కొండకే చెందదు.

5,780 పైచిలుకు ఏళ్ల ప్రపంచం: సృష్టి నుంచి ఏళ్లు లెక్కపెట్టే యూదుల క్యాలెండర్‌లో ఆ సంఖ్య ఉంది. దేవుడు ఇంతకు ముందూ లోకాలు కట్టి కూల్చాడని రబ్బీ అబ్బాహు మాట కూడా ఉంది. 1842లో రబ్బీ లిప్‌షిట్జ్ భూమిలో దొరికిన మామత్ ఎముకల్ని చూసి, ఇవి ఆ పాత లోకాలవే అని సంబరపడ్డాడు. దాన్ని భూగర్భశాస్త్రం అనుకోనక్కర్లేదు, కానీ కళ్లు మూసుకోలేదన్నది నిజం.

ప్రయోగం వాళ్లకి తెలియదన్నది ఆఖరు అపోహ. "సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము" అని మన బైబిల్ చదివినవాళ్లందరికీ వచ్చు. సామెతల గ్రంథంలో సొలొమోను మాట అది, చీమలకి అధిపతి లేడని అక్కడుంది. నిజమో కాదో చూద్దామని రబ్బీ షిమోన్ బెన్ హలఫ్తా ఎండాకాలంలో పుట్ట మీద అంగీ పరిచాడు. ఒక చీమ బయటికొస్తే గుర్తు పెట్టాడు. అది లోపలికి పోయి నీడ వచ్చిందని చెప్పింది. మిగతావి రాగానే అంగీ తీసేశాడు. ఎండ తగిలి, అబద్ధం చెప్పిందని అవన్నీ దాన్ని చంపేశాయి. రాజు ఉంటే అనుమతి లేకుండా చంపవు కదా, కాబట్టి రాజు లేడని తేల్చాడు ఆయన. తర్వాతి తరాల్లో రవ్ అహా ఒప్పుకోలేదు. రాజు అక్కడే ఉన్నాడేమో? ముందే ఆజ్ఞ ఇచ్చాడేమో? ఒక రాజు పోయి ఇంకొకడు రాని సమయమేమో? ఇలాగైతే సొలొమోను మాట నమ్మడమే నయం అన్నాడు. చీమలకి రాజు లేడన్నది నేటి సైన్సూ ఒప్పుకుంటుంది, రాణి గుడ్లు పెడుతుందే తప్ప పాలించదు. రవ్ అహా అడిగిన ఆ మూడు ప్రశ్నలు మా పరీక్ష పేపర్లో ఏటా ఉంటాయి. బయాలజీ పిల్లలు వాటికి రాసే జవాబులు రబ్బీల గ్రంథాలు చదివే పిల్లల జవాబుల కన్నా బాగుంటాయి.