ఆ ఐదుగురిలో ఒకాయన మన పొరుగువాడే

చిరంజీవులు అమ్ములుకి, చింటూకి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

సిక్కుల వైశాఖి అంటే మన వైశాఖ మాసంలో వచ్చే పండగేనా అని ఫోన్లో అడిగారు కదా. పేరు అదే గానీ లెక్క వేరర్రా. మన ఉగాదికి చంద్రుడి లెక్క, వాళ్లకి సూర్యుడిది. సూర్యుడు మేషంలోకి వచ్చే రోజు కాబట్టి ఏప్రిల్ 13నో 14నో పడుతుంది. పంజాబులో గోధుమ కోతకొచ్చే వేళ కూడా అదే.

1699లో అదే పండగనాడు పంజాబులోని ఆనంద్‌పుర్ సాహిబ్‌లో జనం పోగయ్యారు. సిక్కుల పదో గురువు గోవింద్ రాయ్ కత్తి దూసి, "నాకో తల కావాలి, ఎవరిస్తారు?" అన్నారట. అందరూ నోరెళ్లబెట్టారు. చివరికి లాహోరు నుంచి వచ్చిన దయారామ్ లేచాడు. ఆయన్ని గుడారంలోకి తీసుకెళ్లి, నెత్తుటి కత్తితో గురువు ఒక్కరే బయటికొచ్చి మళ్లీ అడిగారు. అలా ఐదుసార్లు! నేనైతే మొదటిసారికే ఇంటిదారి పట్టేవాణ్ణి. కాసేపటికి ఆ ఐదుగురూ కొత్త బట్టల్లో నడిచొచ్చారు. వాళ్లనే 'పంజ్ ప్యారే' అంటారు, అంటే ఐదుగురు ప్రియులు.

హస్తినాపురం, ద్వారక, పూరీల నుంచి ఒక్కొక్కరు. సాహిబ్ చంద్‌ది మాత్రం బీదర్, మన జహీరాబాద్ దాటగానే వచ్చే ఊరు. వాళ్లింటి వృత్తి క్షౌరం అంటారు. వెంట్రుక కత్తిరించనని మాటిచ్చిన ఐదుగురిలో ఆయనా ఒకడు, చూశారా!

ఇనుప గిన్నెలో నీళ్లు పోసి, బతాసాలు కలిపి, రెండంచుల కత్తితో తిప్పుతూ గురువాణి చదివి, ఆ అమృతాన్ని వాళ్లకిచ్చారు. అక్కణ్ణించి మగవాళ్లందరి పేరు చివరా సింగ్, ఆడవాళ్లకి కౌర్. పేరు వింటే కులం తెలియకూడదని. ఆ తర్వాత గురువే వాళ్ల ముందు మోకరిల్లి, "ఇక నాకు మీరివ్వండి" అన్నారు. గోవింద్ రాయ్, గోవింద్ సింగ్ అయింది శిష్యుల చేతిమీదుగానే. ఈ ముక్క ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పటికీ వైశాఖికి ఊరేగింపులో ఐదుగురు ముందు నడుస్తారు, వెనక వాళ్ల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ వస్తుంది. గురుద్వారా జెండా కర్రని కడిగి కొత్త వస్త్రం చుడతారు. అందరూ నేలమీద ఒకే బంతిలో కూర్చుని లంగర్ భోజనం, అంటే గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనం చేస్తారు. గోధుమపిండి, నెయ్యి, చక్కెర సమపాళ్లలో వేసి చేసే కడా ప్రసాదం పెడతారు, రెండు చేతులూ పట్టి తీసుకోవాలి.

బీదర్‌లో నానక్ ఝీరా గురుద్వారా ఉంది. సెలవులకి రండి, తీసుకెళ్తాను. తలకి కట్టుకోను రుమాళ్లు తెచ్చుకోండి. చింటూ, పళ్లెంలో మెతుకు వదిలావంటే ఊరుకోను, ముందే చెబుతున్నా.

మీ తాతయ్య