మతిమరుపు - మెదడు స్కాన్లు: అపోహలు, వాస్తవాలు

“ఫిల్మ్ చూసి అమ్మకు అల్జీమర్స్ ఉందో లేదో చెప్పేయండి డాక్టర్ గారూ.” మెదడు స్కాన్లు చదవడమే నా పని కాబట్టి ఈ మాట తరచూ వింటుంటాను. అడిగేవాళ్ల టెన్షన్ అర్థమవుతుంది. కానీ ఫిల్మ్ ఒక్కటే చూసి ఆ మాట చెప్పలేం.

అపోహ: ఎంఆర్ఐ నార్మల్ అంటే అల్జీమర్స్ లేనట్టే

కాదు. ఎంఆర్ఐ ముఖ్యంగా చూపించేది మెదడు ఆకారాన్ని. ఈ జబ్బులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకోవడం, మతిమరుపు బయటపడటానికి పదిహేను ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుంది. అది మామూలు ఎంఆర్ఐలో కనిపించదు. మెదడు కుంచించుకుపోవడం ఆ తర్వాతి సంగతి.

మేం ముందుగా వెతికేది కణతల లోపలి వైపున ఉండే హిప్పోకాంపస్‌ని. కొత్త విషయాలు గుర్తుండాలంటే అది బాగుండాలి. అక్కడ ఎంత తగ్గిందో చూసి 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తాం. ఈ పరీక్షలో మార్కులు పెరిగితేనే ఫెయిలు! 75 దాటిన మనిషికి 2 వస్తే సాధారణంగా వయసు ఖాతాలో వేస్తాం. అరవై ఏళ్ల మనిషికి అదే 2 వస్తే అలా వదిలేయం. రిపోర్టులో ‘ఎట్రఫీ’ (కుంచించుకుపోవడం) అన్న మాట చూసి కంగారుపడి ఇంటర్నెట్‌లో వెతికేవాళ్లు ఈ తేడా గమనించాలి.

మరి ఎంఆర్ఐ ఎందుకంటారా? బాత్రూంలో జారిపడిన కొన్ని వారాలకు పెద్దాయన తికమకగా మాట్లాడుతుంటే, ఇంట్లోవాళ్లు చాదస్తం అనుకుంటారు. స్కాన్ తీస్తే పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం పేరుకుని ఉంటుంది. దాన్ని తీసేస్తే చాలామంది కోలుకుంటారు. మెదడులో నీరు చేరడం, చిన్న చిన్న స్ట్రోకులు, గడ్డలు కూడా ఇందులోనే దొరుకుతాయి. బి12 లోపం, థైరాయిడ్ మాత్రం స్కాన్‌లో దొరకవు, రక్తపరీక్ష చేయించాల్సిందే.

అపోహ: పెట్ స్కాన్‌లో అమిలాయిడ్ కనిపిస్తే జబ్బు ఖాయం

ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు. అమిలాయిడ్‌కి అతుక్కునే మందుకు కొద్దిపాటి రేడియోధార్మికత జోడించి నరంలోకి ఎక్కిస్తారు. అది ఎక్కడ నిలిస్తే అక్కడ స్కానర్‌కి సంకేతం అందుతుంది. పిట్స్‌బర్గ్ శాస్త్రవేత్తలు తయారుచేసిన అలాంటి మందుతో మనుషుల మీద తొలి ఫలితాలు 2004లో వచ్చాయి. అందులో వాడిన రేడియోధార్మిక పదార్థం కార్బన్-11 ఇరవై నిమిషాలకే సగమైపోయేది. ఇప్పటి మందుల్లో ఉండే ఫ్లోరిన్-18కి దాదాపు 110 నిమిషాలు పడుతుంది. అందుకే మీ అపాయింట్‌మెంట్‌కి ఆలస్యంగా వస్తే మా టెక్నీషియన్ ముఖం మాడిపోతుంది.

జ్ఞాపకశక్తి చక్కగా ఉన్న పెద్దవాళ్లలోనూ అమిలాయిడ్ కనిపిస్తుంది. వయసుతోపాటు అలాంటివాళ్ల సంఖ్యా పెరుగుతుంది. వాళ్లందరికీ అల్జీమర్స్ రాదు. నన్నడిగితే, ఈ స్కాన్ నెగెటివ్ వచ్చినప్పుడే ఎక్కువ పనికొస్తుంది: మతిమరుపుకు కారణం వేరే ఉందని గట్టిగా అనుకోవచ్చు. అందుకే ఏ ఇబ్బందీ లేనివాళ్లు ‘ముందు జాగ్రత్త’ అంటూ దీన్ని చేయించుకుంటామంటే నేను వద్దనే అంటాను. లేని భయం కొనితెచ్చుకోవడం తప్ప లాభం లేదు.

మెదడు చక్కెరను ఎక్కడెంత వాడుకుంటోందో చూపే ఎఫ్‌డీజీ పెట్ వేరే పరీక్ష. దానికి కొన్ని గంటలు ఏమీ తినకుండా రావాలి, షుగర్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

అపోహ: ముందే తెలిసినా చేసేదేమీ లేదు

ఒకప్పుడు ఈ మాటలో కొంత నిజం ఉండేది. ఇప్పుడు అమిలాయిడ్‌ని తొలగించే మందులున్నాయి: అమెరికాలో 2023లో లెకానెమాబ్‌కి, 2024లో డొనానెమాబ్‌కి అనుమతి వచ్చింది. ఇవి జబ్బును నయం చేయవు, తొలిదశలో ఉన్నవాళ్లలో దాని వేగాన్ని కొంత తగ్గిస్తాయి. మొదలుపెట్టే ముందు అమిలాయిడ్ ఉందని రుజువు కావాలి. కొందరికి మెదడులో వాపు, సన్నటి రక్తస్రావం వస్తాయి కాబట్టి మధ్యమధ్యలో ఎంఆర్ఐ తీస్తూనే ఉండాలి.

స్కాన్‌కి వచ్చేటప్పుడు పాత సీడీలు, ఫిల్ములు ఏవున్నా తెండి. రెండేళ్ల కిందటిది పక్కన పెట్టి చూస్తే, ఒక్క స్కాన్‌లో తేలనిది చాలాసార్లు తేలుతుంది. చీటీ మీద ‘మతిమరుపు’ అని ఒక్క ముక్క రాసి పంపకండి. ఎప్పటినుంచి, ముందు ఏం మర్చిపోవడం మొదలుపెట్టారు, డబ్బు లెక్కల్లో తడబడుతున్నారా, తెలిసిన దారి తప్పుతున్నారా అన్నవి కూడా రాయించుకుని రండి.