బాణం వదిలాక ఏమవుతుంది?

చిన్నీకి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

మీరు తయారుచేస్తున్న నేలమాళిగల ఆటలో విల్లు, బాకు, వడిసెల మూడూ పెట్టారు. విల్లు దెబ్బకు 6, బాకుకు 4, వడిసెలకు 3 అని అంకెలూ వేశారు. "అయినా ఏది పట్టుకున్నా ఒకేలా ఉంది, ఎందుకు తాతయ్యా?" అని చిన్ని అడిగింది. ఫోనులో తేలే ప్రశ్న కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

అంకెలను కాసేపు పక్కన పెట్టి, మా జొన్నచేనుకు రండి.

కంకి పాలుపోసుకునే రోజుల్లో పిట్టలు గుంపులుగా వాలేవి. చేను మధ్యలో మంచె. బడికి వెళ్ళేముందు దాని మీద కాపలా నా పని. నాకు వడిసెల ఉండేది, ఉండేలు ఉండేది, కాళ్ళ దగ్గర మట్టిబెడ్డల కుప్ప ఉండేది. వడిసెలలో రాయి పెట్టి, తల చుట్టూ తిప్పి, ఒక కొస వదిలితే రాయి అవతలి గట్టు దాటేది. గుండ్రంగా తిరిగే తాడులోంచి రాయి అంత సూటిగా ఎలా పోయేదో, కొస వదలాల్సిన క్షణం వేళ్ళకు ఎలా తెలిసేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కానీ మంచె దిగి చేలోకి వస్తే తాడు కంకులకు చుట్టుకునేది. అక్కడ వడిసెల ఉత్త తాడే. ఉండేలుకు అంత చోటు అక్కర్లేదు, దగ్గర గురి బాగా కుదిరేది. అయితే ముందురోజే బంకమట్టి పిసికి ఉండలు చేసి ఎండబెట్టుకోవాలి, అవి అయిపోతే పని ఆగిపోయినట్టే. మట్టిబెడ్డ దూరం పోదు, గురీ ఉండదు. ఆకుల మీద పడి చితికి నాలుగువైపులా చిందితే ఆ చప్పుడుకు గుంపంతా ఒక్కసారి లేచేది. ఒక్క పిట్టకూ తగలకుండానే పని అయ్యేది!

ఏది ఎంత గట్టిగా తగులుతుందని ఆ మంచె మీద ఎప్పుడూ ఆలోచించలేదు. పిట్టలు ఎక్కడున్నాయి, నా చుట్టూ చోటుందా, ఇంకా ఎన్ని ఉండలు మిగిలాయి అనే చూసుకునేవాణ్ణి. గట్టు మీద ఎవరైనా నడుస్తున్నారేమో చూసి మరీ రాయి వదలమని మా నాన్న రోజూ చెప్పేవారు. విసిరే వస్తువు ఏదైనా సరే, అవతల ఎవరున్నారో చూడటం విసిరేవాడి బాధ్యత. ఆటలోనూ అంతే.

1987లో వచ్చిన నెట్‌హ్యాక్ అనే నేలమాళిగల కంప్యూటర్ ఆటలో మీ వెంట తిరిగే కుక్కపిల్ల దారికి అడ్డొస్తే మీరు విసిరిన బాకు దానికి తగలవచ్చు. అంకెల్లో చూస్తే, అదనపు బలాలేవీ కలపకుండా, అక్కడ బాకు దెబ్బ 4 దాటదు, బాణం దెబ్బ 6 దాకా ఉంటుంది. అయినా బాకులనే నమ్ముకునే ఆటగాళ్ళు ఎందరో ఉన్నారు. తగిలిన బాణం చాలాసార్లు విరిగి మాయమైపోతుంది, పైగా విల్లు చేతిలో లేకపోతే బాణానికి విలువే లేదు. బాకు నేలమీద పడి ఉంటుంది, వెళ్ళి ఏరుకోవచ్చు. ఆ ఏరుకోవడానికి నడవాల్సిన నాలుగడుగుల్లో ఇంకో రాక్షసుడు ఎదురైతే? అక్కడే బాకుకు ఒక స్వభావం వచ్చింది. బూమరాంగ్ విసిరితే, ఎవరికీ తగలకపోతే వంపు తిరిగి మీ దగ్గరికే వస్తుంది. బ్రోగ్ అనే ఆటలో నిప్పు పుట్టించే డార్టులు, అంటే చేత్తో విసిరే చిన్న ములుకులు, ఉన్నాయి. పడినచోట మంట లేస్తుంది, గడ్డి ఉంటే ఆ మంట మీ వైపే పాకి రావచ్చు. అది విసిరేముందు శత్రువు కంటే ముందు మీ కాళ్ళ కింద గడ్డిని చూస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

కాబట్టి మీ వడిసెలకు ఒక్క నియమం పెట్టి చూడండి: చుట్టూ గళ్ళు ఖాళీగా ఉంటేనే అది తిరగాలి. రాళ్ళు మాత్రం ఎక్కడైనా దొరకనివ్వండి. ఇరుకు దారిలో అది పనికిరాదు, పెద్ద గదిలో దానికి తిరుగుండదు. ఆటగాడు ఆ పెద్ద గదిని వెతుక్కుంటూ వెనక్కి పరుగెత్తడం మొదలుపెడతాడు. బాకు, విల్లు సంగతి మీరే ఆలోచించండి. వదలకముందు ఏం కావాలి, వదిలాక అది ఎక్కడ ఉంటుంది అని ఒక్కోదాన్నీ అడగండి.

తర్వాత మూడింటి దెబ్బనూ 4కే సమానం చేసి, పేర్లు, బొమ్మలు దాచేసి, మీ పక్కింటి పిల్లల చేత ఆడించండి. ఏది వడిసెలో, ఏది బాకో వాళ్ళు చెప్పగలిగితే అప్పుడు అంకెలు మార్చుకోవచ్చు. చెప్పలేకపోతే, ఏ రెండింటి దగ్గర తికమకపడ్డారో నాకు రాయండి.

మీ తాతయ్య