ఎత్తు మారిస్తే గాలి దిక్కే మారుతుంది

జులైలో ఎర్త్ నల్‌స్కూల్ వెబ్‌సైటు తెరవండి. భూమి మీది గాలులను కదిలే గీతలుగా చూపే సైటు ఇది. అక్కడి భూగోళాన్ని మౌస్‌తో తిప్పి దక్షిణ భారతాన్ని ఎదురుగా తెచ్చుకోండి. ఎత్తును ఇక్కడ గాలి పీడనంతో, అంటే హెక్టోపాస్కల్ లెక్కన చెబుతారు; పైకి పోయేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. 850 హెక్టోపాస్కల్ ఎంచుకుంటే, సముద్రమట్టానికి కిలోమీటరున్నర పైన గాలి కనిపిస్తుంది. సోమాలియా తీరం వెంట దూసుకొచ్చి, అరేబియా సముద్రం దాటి, మన మీదుగా తూర్పుకు పోతుంటుంది. అదే నైరుతి రుతుపవనం. ఇప్పుడు 250 నొక్కండి. అంటే పదిన్నర కిలోమీటర్ల ఎత్తు. అదే చోటు, అదే గంట. కానీ ఇక్కడ గాలి సాధారణంగా తూర్పు నుంచి పడమరకు పోతుంటుంది!

ఇంకా పైన, 14-16 కిలోమీటర్ల దగ్గర, దీని వేగం గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది. దీన్ని గుర్తించినవారు భారత వాతావరణ శాఖ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఆయన పరిశోధన పత్రం 1958లో వచ్చింది. వేసవిలో టిబెట్ పీఠభూమి, ఉత్తర భారతం మీది గాలి హిందూ మహాసముద్రం మీది గాలి కంటే బాగా వేడెక్కి వ్యాకోచిస్తుంది. దాంతో పై ఎత్తుల్లో ఉత్తరాన పీడనం ఎక్కువవుతుంది. అక్కడి నుంచి దక్షిణానికి కదలబోయిన గాలిని భూభ్రమణం పడమరకు మళ్లిస్తుంది. ఆ రోజుల్లో దీన్ని బెలూన్ కొలతలను, కాగితం మీది పటాలను కలిపి చూసి ఊహించుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు కూడా కళ్లారా చూడొచ్చు. భూగోళశాస్త్రం క్లాసులో ఇది తప్పకుండా చూపించాలి.

ఈ సైటును 2013లో కామెరాన్ బెకారియో అనే ప్రోగ్రామర్ తయారుచేశారు. గాలి లెక్కలు అమెరికా వాతావరణ సంస్థ నడిపే జీఎఫ్ఎస్ అనే కంప్యూటర్ మోడల్‌వి. మోడల్ భూమిని గళ్లుగా విడగొట్టి, ఒక్కో చోట గాలి వేగం, దిశ ఇస్తుంది. ప్రోగ్రాం ఆ గళ్ల మీద వేల చుక్కలు చల్లుతుంది. ఒక్కో చుక్క తన చుట్టూ ఉన్న నాలుగు మూలల విలువలను బట్టి కాస్త జరుగుతుంది, వెనక గీత వదులుతుంది, కొద్దిసేపటికి మాయమై ఇంకోచోట పుడుతుంది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త అవసరం. చుక్కలు పరుగెడుతున్నా తెర మీద కాలం కదలడం లేదు. చూస్తున్నది ఒకే క్షణపు గాలిని. తేదీ, గంట మనం మారిస్తేనే తుపాను ముందుకు జరుగుతుంది. చుక్కలు పైకీ కిందికీ కూడా పోవు. అందుకే మేఘాలు కట్టించే ఊర్ధ్వ ప్రవాహం ఇందులో కనిపించదు.

ఇలా ఎత్తు మార్చి చూడటం మరో గ్రహం దగ్గర ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. అంగారకుడికి, శుక్రుడికి ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఇలాంటి మోడళ్లతో వాతావరణ డేటాబేసులు తయారుచేశారు. శుక్రుడి నేల మీద గాలి సెకనుకు మీటరు అటూఇటూ. అదే 70 కిలోమీటర్ల ఎత్తున, మేఘాల పైఅంచు దగ్గర, సెకనుకు దాదాపు 100 మీటర్లు. ఆ గ్రహం తన చుట్టూ తాను తిరగడానికి మన లెక్కన 243 రోజులు పడుతుంది. ఆ మేఘాలు మాత్రం నాలుగు రోజుల్లోనే దాన్ని చుట్టేస్తాయి. సూర్యుడి వేడి పగటి వైపు పుట్టించే అలలే ఆ వేగాన్ని నిలబెడుతున్నాయని జపాన్ అంతరిక్ష నౌక అకత్సుకి తీసిన చిత్రాలను విశ్లేషించిన శాస్త్రవేత్తలు 2020లో తేల్చారు.