స్టార్లు సరే, ఏం చూశారో రాయండి

చిరంజీవులు బుజ్జికీ చింటూకీ తాతయ్య దీవించి రాయునది.

ఇక్కడ నేనూ అమ్మమ్మా క్షేమం. మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. నిన్న సోఫా కింద ఊడుస్తుంటే అమ్మమ్మకి ఒక కాగితం దొరికింది. రాత మీ ఇద్దరిదే. దసరా సెలవుల్లో మనం కలిసి చూసిన సినిమాల పేర్లు, వాటికెదురుగా మీరు వేసిన స్టార్లు. 'మహావతార్ నరసింహ' 4.75. '35 చిన్న కథ కాదు' 3.5. 'బలగం' బుజ్జి 4, చింటూ 2. 'మాయాబజార్' 2.75, పక్కనే చిన్న అక్షరాలతో 'తాతయ్య కోసం పావు కలిపాం' అని.

అమ్మమ్మ పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాననుకోండి. తర్వాత కాగితం జేబులో పెట్టుకుని అరుగు మీద కూర్చుంటే చాలా సంగతులు గుర్తొచ్చాయి. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబుదామంటే చింటూ రెండో నిమిషంలోనే 'అమ్మకిస్తున్నా తాతయ్యా' అంటాడు.

మార్కులు వేయడం తప్పని నేననను. మా రోజుల్లో స్టార్లు లేవు గానీ టాక్ ఉండేది. మ్యాట్నీ వదిలేసరికి సైకిల్ స్టాండు దగ్గరే తేలిపోయేది. 'ఎలా ఉందిరా?' అంటే 'పర్లేదు', 'ఒకసారి చూడొచ్చు', లేదంటే 'డబ్బా'. ఈ మూడింట్లో ఏదో ఒక మాట సాయంత్రానికల్లా ఊరంతా తిరిగొచ్చేది. మీ 2.75 కూడా ఆ 'పర్లేదు'కి కొత్త చొక్కా తొడిగిందే. ఎవరు చూశారు, ఏ సీనులో ఏమైంది, ఆ మాటలో ఉండదు.

నేను సినిమాలు చూసింది అందరిలా కుర్చీలో కూర్చుని కాదని మీకు తెలుసు కదా. ఆపరేటర్ని. ముందు ఊరూరా డేరా వేసుకుని తిరిగే టూరింగ్ టాకీస్‌లో, తర్వాత టౌన్లో ఒక హాల్లో. క్యాబిన్ గోడకి జానెడు కన్నం ఉంటుంది. నా సినిమా అంతా అందులోంచే. పక్కన ప్రొజెక్టర్ కటకటమంటుంటే డైలాగులు సగం వినబడేవి కావు. లోపల కార్బన్ కడ్డీలు రెండు కాలుతూ అరిగిపోతుంటాయి. మధ్యమధ్యలో వాటిని దగ్గరికి జరపాలి. ఒక్క నిమిషం ఏమరుపాటుగా ఉన్నామా, తెర మసకబారిపోయేది, నేల టికెట్ జనం ఈలలేసి మా వంశాన్నంతా తలుచుకునేవాళ్ళు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. టూరింగ్ టాకీస్‌లో ఒక్కటే మిషను కాబట్టి, నాలుగేసి రీళ్ళు కలిపి చుట్టినా ఆటకి మూడు ఇంటర్వెల్లు తప్పేవి కావు.

ఆ కన్నంలోంచి చూస్తే తెర కన్నా ముందు కనబడేది వెలుగు. మిషను నుంచి తెర దాకా జనం తలల మీదుగా పోయే వెలుగు బాట. అప్పట్లో హాల్లోనే బీడీలు కాల్చేవాళ్ళు. సీను బిగువుగా ఉంటే బీడీ సంగతే మర్చిపోయేవాళ్ళు, వెలుగు కడిగినట్టుండేది. సీను సాగిందంటే అక్కడొక అగ్గిపుల్ల, ఇక్కడొక అగ్గిపుల్ల. రెండు నిమిషాల్లో వెలుగంతా పాలు కలిపినట్టయ్యేది. డైలాగు వినబడకపోయినా, ఏ సీను పండిందో ఏది పండలేదో ఆ పొగే నాకు చెప్పేది. ఇప్పుడు బీడీలు లేవు, ఫోన్లొచ్చాయి. 'మాయాబజార్' చూసేటప్పుడు బుజ్జి మొహం మీద ఎన్నిసార్లు నీలం వెలుగు పడిందో నేను లెక్కపెట్టలేదనుకున్నారా?

ఇంకో సంగతి కూడా అక్కడే నేర్చుకున్నాను. అదే ప్రింటు, అవే సెకనుకి 24 బొమ్మలు. మ్యాట్నీలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చిన చోటే, సెకండ్ షోలో మిల్లు పని దిగొచ్చిన కుర్రాళ్ళు ఆవులించేవాళ్ళు. సినిమా మారలేదు, చూసేవాళ్ళు మారారు. ఇద్దరిలో ఎవరిది తప్పంటాం?

నాదే తప్పయిన కథ ఒకటుంది. 1980లో 'శంకరాభరణం' వచ్చింది. పోస్టర్ మీద తెల్లజుట్టు ముసలాయన. హీరో లేడు, ఫైట్లు లేవు. జె.వి. సోమయాజులు గారు నాటకాలాడే డిప్యూటీ కలెక్టరని విని, 'ఇక ఆడినట్టే' అనుకున్నాను. మొదటి రోజు హాల్లో యాభై మంది కూడా లేరు. ఓనరు అడిగితే, 'మూడు రోజులాడితే గొప్ప, వేరే బొమ్మ చూసుకోండి' అని గట్టిగా చెప్పాను. నేను చూసింది ఖాళీ కుర్చీలని, తెరని కాదు. నాలుగో రోజు సెకండ్ షోలో అలవాటుగా వెలుగు వంక చూశాను. పొగ లేదు. పాట నడుస్తున్నంతసేపూ లేదు. అది సంగీతం నేర్చినవాళ్ళ హాలు కాదర్రా, మిరపకాయల బస్తాలు మోసొచ్చినవాళ్ళ హాలు. తర్వాత వారాల తరబడి హౌస్‌ఫుల్ బోర్డు నేనే తగిలించాను. నా తీర్పు మాత్రం ఓనరు చాన్నాళ్ళు మర్చిపోలేదు. కొత్త బొమ్మ వస్తే చాలు, 'మూడు రోజులాడుతుందంటావా?' అని వెటకారం.

ఇక చింటూ వేసిన రెండు స్టార్ల సంగతికొస్తాను.

ఒరేయ్ చింటూ, 'బలగం' నడుస్తుంటే నువ్వు రెండుసార్లు మంచినీళ్ళకి లేచావు. 'బోర్ తాతయ్యా' అన్నావు. ఆ పక్కనే మీ నాన్న 'పిట్ట ముట్టుడు' అన్న మాట వినగానే సోఫాలో ముందుకి జరిగి కూర్చున్నాడు. ఆయనది కరీంనగర్ వైపు. అది వాళ్ళింటి మాట. మాకిక్కడ కాకికి పిండం పెట్టడమే తెలుసు. నల్లి బొక్క అంటే ఏంటో అమ్మమ్మకి మీ నాన్నే చెప్పాడు. మూలగ ఎముకని తెలిశాక, 'దీని కోసమా తోబుట్టువులు ఇరవై ఏళ్ళు మాటల్లేకుండా ఉన్నారు!' అని ముక్కున వేలేసుకుంది. కాసేపాగి, 'మనవాళ్ళలోనూ ఇంతేలే, పెళ్ళిలో విస్తరి ముందెవరికేశారని పదేళ్ళు రాకపోకలు మానేసినవాళ్ళున్నారు' అంది. ఒకే సోఫా, ఒకే టీవీ, నలుగురు నాలుగు సినిమాలు చూశారు.

నా మాట చెప్పాలంటే, మొదట్లో పెళ్ళి, అప్పులు, కట్నం లెక్కల హాస్యం నాకంతగా ఎక్కలేదు. ఇంటి పెద్ద కొమురయ్య పోయాక, పిండం కాకి ముట్టని చోట నుంచి పట్టుకుంది. చివర్లో పాట పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు ఊరూరా తిరిగి కథలు చెప్పుకున్న బుడగజంగాల కళాకారులు. ఆ గొంతుల్లో జీర ఉంది చూశారా, దాన్ని నటించి తీసుకురాలేం. ఆ సినిమా వచ్చిన 2023లో తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ తెర కట్టి, ఊరంతా కింద కూర్చుని చూశారట. ఆ సంగతి విన్నప్పుడు నా టూరింగ్ టాకీస్ మళ్ళీ లేచొచ్చినట్టనిపించింది.

అది సరే. ఆ రాత్రి లైటార్పాక నువ్వు నా పక్కలోకొచ్చి ఏమడిగావో గుర్తుందా? 'తాతయ్యా, కాకికెలా తెలుస్తుంది?' అన్నావు. నాకు జవాబు తోచలేదు. కాసేపటికి, 'మామయ్య అమ్మతో మాట్లాడతాడు కదా?' అన్నావు. 'మాట్లాడతాడులే, పడుకో' అన్నాను. నువ్వు పడుకున్నావు, నాకే నిద్ర పట్టలేదు. అంత దూరం ఆలోచించినవాడు ఆ సినిమాకి రెండు వేశాడంటే నేను నమ్మను. లేదా, ఆ రెండూ సినిమాకి వేసినవి కావు. మంచినీళ్ళకి ఎందుకు లేచావో రాయి. బోరు కొట్టి లేచావా, చూడలేక లేచావా? రెండూ ఒకటి కావు. చూడలేక లేచానని రాయడానికి సిగ్గుపడకు. మ్యాట్నీలో పసిపిల్లాణ్ణి సముదాయించే వంకతో బయటికెళ్ళి కళ్ళు తుడుచుకున్న మగవాళ్ళని నేను చాలామందిని చూశాను.

బుజ్జీ, నీ 3.5 సంగతి. '35' అయిపోగానే 'లెక్కల సారు విలన్' అని తేల్చేశావు. మంచిదే, అది అభిప్రాయమే. కానీ ఆ సారు మీసం మెలేశాడా, కత్తి పట్టాడా? మరి నీకెందుకంత కోపమొచ్చింది? అది రాస్తే చదువుతాను. ఇంకో తమాషా. ఆ చాణక్య సారూ, 'బలగం'లో అప్పులతో తిప్పలు పడే సాయిలూ ఒక్కడే. ప్రియదర్శి. నేను చెప్పేదాకా మీ ఇద్దరూ పోల్చలేదు. ఆ మనిషి పనితనానికి ఇంతకంటే మంచి స్టారేముంటుంది?

సున్నాకి విలువ లేదంటూనే, ఒకటి పక్కన పెడితే అది తొమ్మిది కన్నా ఎందుకు పెద్దదవుతుందని ఆ పిల్లాడడిగినప్పుడు నువ్వు రిమోట్ నొక్కి సినిమా ఆపేశావు. 'మా మేడమైతే బయట నిలబెట్టేది' అన్నావు. ఆ ఒక్క మాటలో సినిమా, మీ స్కూలు, నువ్వు, ముగ్గురూ ఉన్నారు. కాగితం మీదేమో 3.5 అని ఉంది! నాకు మాత్రం ఆ తల్లి నచ్చింది. పది తప్పిన మనిషి కొడుకు కోసం మళ్ళీ లెక్కలు నేర్చుకోవడానికి కూర్చోవడం. మీ అమ్మమ్మ నా డ్యూటీలని లెక్కపెట్టుకుంటూనే మీ అమ్మకి ఎక్కాలు చెప్పేది. అది గుర్తొచ్చి నచ్చిందేమో, నివేదా థామస్ బాగా చేసి నచ్చిందో, విడదీసి చెప్పలేను.

నరసింహ సినిమా గురించి ఎక్కువ రాయను. స్తంభం పగిలేటప్పుడు చింటూ నా చెయ్యి పట్టుకున్న పట్టుకి గోళ్ళ గుర్తులు రెండు రోజులున్నాయి. దానికి 4.75 వేసుకోండి, నాకభ్యంతరం లేదు. బొమ్మల ఒళ్ళు కదిలినంత బాగా మొహాలు కదల్లేదని మాత్రం నాకనిపించింది. 1967 నాటి 'భక్త ప్రహ్లాద'లో హిరణ్యకశిపుడిగా ఎస్.వి. రంగారావు గారు కొడుకుని చూస్తుంటే ఒకే కంట్లో ముద్దూ కోపమూ కనబడేవి. పాతదాన్ని తెచ్చి కొత్తదాని పక్కన నిలబెట్టడం తాతలకుండే జబ్బు. మీరు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ప్రహ్లాదుడి తల్లి లీలావతి కదా, ఇందులో కయాధు అన్నారేంటని అమ్మమ్మ అడిగింది చూశారా, అలాంటి పట్టింపులు మాత్రం ఉండాలి. తెలుగులో సినిమా మాట్లాడటం మొదలుపెట్టిందే 1932లో, ఈ ప్రహ్లాదుడి కథతోనే. తొంభై ఏళ్ళ తర్వాత కూడా పిల్లలు చెయ్యి గట్టిగా పట్టుకుంటున్నారు.

ఆ రంగారావు గారే అంతకు పదేళ్ళ ముందు 'మాయాబజార్' ఘటోత్కచుడు. మీకది 'ల్యాగ్'. ఎక్కడ ల్యాగ్ అయిందని అడిగితే ఇద్దరూ భుజాలెగరేశారు. లడ్డూలు వాటంతటవే నోట్లోకి పోతుంటే చింటూ సోఫా మీద ఎగిరాడు, అక్కడ మాత్రం ల్యాగ్ లేనట్టే. 1957లో కంప్యూటర్ లేకుండా కె.వి. రెడ్డి గారు, కెమెరామన్ మార్కస్ బార్ట్లీ ఇదెలా తీశారని అడుగుతారేమోనని చూశాను. అడగలేదు. బుజ్జి మాత్రం సగం సినిమా అయ్యాక 'పాండవులెప్పుడొస్తారు?' అంది. రారు తల్లీ. ఐదుగురిలో ఒక్కరూ తెర మీదికి రారు. అది పట్టుకున్నావంటే ఫోను చూస్తూ కూడా సినిమా చూశావన్నమాట. పెళ్ళి విందు పాట దగ్గరదాకా కథ కదలదనిపిస్తే కదలదనే రాయండి. నా కోసం కలిపిన ఆ పావు మాత్రం తీసేయండి.

అన్నట్టు, '35' ఆఖర్లో ఏమైందో మామయ్య కూతురికి ఫోన్లో ఎవరు చెప్పేశారు? పాపం, అది ఆదివారం చూద్దామనుకుందట.

మా హాలు సంగతి ఇంకొకటి చెప్పి ఆపేస్తాను. ఒకసారి ఒక సినిమా సెకండ్ షోలో ఒక పాట దగ్గర రోజూ పొగ లేచేది. 'ఆట ఆలస్యమవుతోంది, ఆ పాట లేపెయ్' అన్నాడు ఓనరు. నాకూ సబబే అనిపించింది. కత్తెరతో కోసి, అంచులు గీకి, సిమెంటు అని మేమనే ఫిలిం జిగురు పూసి అతికించాను. రెండో రోజు మ్యాట్నీ వదిలాక ఒకావిడ చంకలో పిల్లతో క్యాబిన్ మెట్ల దగ్గర నిలబడింది. 'బాబూ, ఆ పాటేదీ?' అంది. మూడు కోసులు నడిచి ఆ పాట కోసమే మళ్ళీ వచ్చిందట. నేను పొగ చూసింది సెకండ్ షోలో, ఆవిడ కూర్చుంది మ్యాట్నీలో. ఓనరుకి చెప్పకుండా ఫస్ట్ షోకల్లా పాట అతికించేశాను. అతుకుల దగ్గర ఒక ముక్క చిరిగిపోయి మిగిలింది. దాన్ని పారేయలేక దాచుకున్నాను.

ఆ ముక్కని ఈ కవర్లో పెడుతున్నాను. కొలిస్తే అడుగున్నర ఉంటుంది, బొమ్మలు 24. అంటే సరిగ్గా ఒక సెకను. అంచులు పట్టుకోండి, బొమ్మ మీద వేలు పెట్టకండి. కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి మొదటి బొమ్మా చివరి బొమ్మా చూడండి. ఒక అమ్మాయి కనబడుతుంది. సినిమా పేరు నేను రాయను. ఆ సెకనులో ఆమె ఏం చేసిందో ఇద్దరూ విడివిడిగా రాసి పంపండి. ఒకరిది ఒకరు చూసి రాయకూడదు. స్టార్లు వేస్తే ఉత్తరం వెనక్కి పంపేస్తాను.

అమ్మమ్మ జంతికలు చేసింది. మీ నాన్న పోయిన వారం వదిలేసిన టిఫిను డబ్బాలోనే పోసి, బస్సు మీద పంపుతున్నాను.

ఇట్లు,
మీ తాతయ్య