చైన్ సా కోత వంకర పోతోందా? చేతిని తిట్టుకోకండి

మొన్న వానకి మా నాచారం గల్లీలో తురాయి చెట్టు అడ్డంగా పడింది, కోయడానికొచ్చిన అన్న కొత్త చైన్ వేయించుకుని మరీ వచ్చాడు కానీ నిలువుగా దిగాల్సిన కోత ఎంత సరిచేసి పట్టుకున్నా కుడికే వంగిపోతోంది. పదును చాల్లేదేమో అని ఆకురాయి తీసి రుద్దడం మొదలుపెట్టాడు. అక్కడే నాకు డౌటొచ్చింది, ఎందుకంటే కింద రాలేది పిండి కాదు, మంచి పేళ్ళు. మొద్దుబారిన చైన్ అయితే పిండి రాలుస్తుంది, పొగ కూడా లేస్తుంది.

చైన్‌లో పళ్ళు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి ఉంటాయి. 1940ల్లో అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనే ఆయన చెక్క తినే పురుగు అటూ ఇటూ కొరుక్కుంటూ పోవడం చూసి ఈ డిజైన్ పట్టుకున్నాడు, 1947లో కంపెనీ కూడా పెట్టాడు. సరే, ఒకవైపు పళ్ళు పొడుగ్గా పదునుగా ఉండి రెండోవైపువి అరిగితే కోత పదునున్న వైపుకే లాగుతుంది. మన చేయి ఒకవైపు గట్టిగా, ఇంకోవైపు మెల్లగా రుద్దుతుంది కదా, అందుకే అన్నిటికంటే పొట్టి పన్ను చూసుకుని మిగతావన్నీ దాని కొలతకి తేవాలి. చెట్లకి ట్యూషన్ బోర్డులు కొట్టే మేకులు తగిలినా పళ్ళు పోతాయి, మన ఊళ్లో ఇదొక గోల.

ఇంకో తమాషా ఏంటంటే పన్ను బాగా పదునున్నా కోయదు ఒక్కోసారి. ప్రతి పన్ను ముందు చిన్న బొడిపె ఉంటుంది, పన్ను ఎంత లోతు కొరకాలో అదే చెప్తుంది, చాలా చైన్లకి పన్ను కొనకీ బొడిపెకీ ఎత్తులో తేడా సుమారు 0.65 మిల్లీమీటర్లు. పన్ను పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది కాబట్టి సాన పట్టేకొద్దీ ఎత్తు తగ్గుతుంది, బొడిపె మాత్రం అలాగే నిలబడి పన్నుని చెక్కకి తగలనివ్వదు. అప్పుడు బొడిపెని చదును ఆకురాయితో కొంచెం తగ్గించాలి, కొంచెమే, ఎక్కువ తీస్తే మిషన్ చేతిలో ఎగిరి తంతుంది.

ఈ అన్న పళ్ళు చూస్తే రెండువైపులా సమానమే. బార్, అంటే చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి ఇనుప పట్టీ విప్పి మెట్టు మీద గ్రానైట్ పలక మీద అంచు మీద నిలబెట్టా, చైన్ నడిచే గాడి అంచులు అరిగి ఉంటే ఒకవైపు ఒరగాలి, ఇది నిటారుగానే నిలబడింది. ఇక మిగిలింది గాడి వెడల్పే. బార్ మొదట్లో చెక్కిన గాడి వెడల్పు చూస్తే 1.5 మిల్లీమీటర్లు, కొత్త చైన్ డబ్బా మీద గాడిలో దిగే భాగం మందం 1.3. ఆ 0.2 మిల్లీమీటర్ల సందులో చైన్ ఒరిగి పరిగెడుతోంది, పళ్ళు ఎంత సాన పట్టినా ఏం లాభం? లావు చైన్ అయితే గాడిలోకే దూరేది కాదు, సన్నది దూరుతుంది కాబట్టి షాపులో ఇచ్చినోడికీ, బిగించినోడికీ తేడా తెలియలేదు. అన్న ఆకురాయి జేబులో పెట్టుకుని పాత చైన్ కోసం బ్యాగు వెతకడం మొదలుపెట్టాడు.